అమ్మ పోయిన తిథి

మా నాన్న పోయి ఏడాది నిండిన రోజున, ఊళ్లో మా ఇంటి ముందు వేసిన పందిరి కింద, అయ్యగారు మా తమ్ముడి చేత సంవత్సరీకం పెట్టిస్తున్నారు. తండ్రి, తాత, ముత్తాత పేర్లు ఒక్కొక్కటే చెప్పించి నువ్వులూ నీళ్లూ వదిలించారు. అంతా అయ్యాక, గోడవారగా కూర్చున్న నా వైపు తిరిగి, సంచిలోంచి ఒక పాత డైరీ తీశారు.

"మీ అమ్మగారి తిథి ఎప్పుడమ్మా? అది గూడ రాసుకుంట. ఇద్దరిదీ నా దగ్గర ఉంటే యేటా యాది చేస్త" అన్నారు.

తమ్ముడు, మా నాన్న రెండో పెళ్లి చేసుకున్న చిన్నమ్మ కొడుకు. అయ్యగారు అడిగింది నన్ను కన్న అమ్మ గురించి. నాకు నాలుగేళ్లు నిండకముందే ఆమె పోయింది. నేను చిన్నమ్మ వైపు చూశాను. చిన్నమ్మ విస్తరాకులు తుడుస్తోంది. తలెత్తలేదు.

"తిథి తెలువదు అయ్యగారూ. పెత్తరమాసనాడే బియ్యమిస్తం" అన్నాను.

"తెలువనోళ్లకు ఆ అమాస ఉండనే ఉన్నది. తప్పేం లేదు" అని ఆయన డైరీ మూసి సంచిలో పెట్టుకున్నారు.

ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ పూట నా కళ్లు ఆ డైరీ ఉన్న సంచి మీదే ఉన్నాయి. నాన్న పేరు కింద మాఘ మాసం, బహుళ పక్షం అని తిథితో సహా రాసి ఉంది. ఆస్పత్రిలో పోయాడు కాబట్టి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో కాగితం మీద ఉంది. అమ్మకు అలాంటి కాగితం లేదు. ఆమె ఫోటో కూడా లేదు. ఆమె గురించి నాకు మిగిలింది ఒక్కటే జ్ఞాపకం: బండ మీద నిలబెట్టి చెంబుతో నా కాళ్ల మీద నీళ్లు పోస్తున్న రెండు చేతులు. ముఖం లేదు. గాజులున్నాయి, మోచేతి దాకా తడి ఉంది. అది నిజంగా నేను చూసిందో, ఎవరైనా చెబితే మనసులో కట్టుకున్నదో కూడా ఇప్పుడు చెప్పలేను.

మా ఊరు గుమ్మడిదల దగ్గర. నా చిన్నతనంలో ఇంట్లో గడియారం ఒక్కటే ఉండేది. అది నాన్న షిఫ్టు కోసం. నాన్న పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మిగతా ఇంటికంతటికీ పొద్దే గడియారం. పొద్దు బారెడెక్కిందంటే పాలు పిండడం అయిపోవాలి, పొద్దు గూట్లో పడిందంటే పశువులు కొట్టంలోకి రావాలి. నాయనమ్మకు తారీఖులు తెలియవు. మృగశిర కార్తె మిరుగు ఎప్పుడొస్తుందో, ఏ కార్తెలో ఏ విత్తనం వేయాలో, ఏ పున్నమికి ఏ పండగో అన్నీ తెలుసు. కానీ మా అమ్మ ఏ తిథిన పోయిందో ఆమె ఎన్నడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇంట్లో రెండో పెళ్లి జరిగాక మొదటి మనిషి ముచ్చట మెల్లగా తగ్గిపోయింది. ఎవరూ వద్దనలేదు. తీయడం మానేశారు, అంతే.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఆమె పేరు ఇంట్లో గట్టిగా వినిపించేది. భాద్రపదం చివరి అమావాస్య. పుస్తకాల్లో దాన్ని మహాలయ అమావాస్య అంటారు, మేం పెత్తరమాస అంటాం. ఆ రోజు పొద్దున్నే చాటలో బియ్యం, పప్పు, చింతపండు, గుమ్మడికాయ ముక్క, కూరగాయలు సర్ది, పోయినవాళ్ల పేరు చెప్పి అయ్యగారికి ఇచ్చేవాళ్లం. తాత పేరు, ముత్తవ్వ పేరు, ఆఖరున అమ్మ పేరు. అప్పుడు చిన్నమ్మ తన మెడలోని పుస్తెల తాడు బయటికి తీసేది. ఆ తాడుకు పుస్తెల పక్కన చిన్న బంగారు బిళ్ల ఒకటి ఉండేది. రెండో పెళ్లి చేసుకుంటే మొదటి భార్య పేరున అలా ఒక బిళ్ల చేయించి కట్టడం మా వైపు ఆచారం. చిన్నమ్మ దాన్ని నీళ్లతో కడిగి, కుంకుమ బొట్టు పెట్టి, కళ్లకద్దుకుని మళ్లీ లోపలికి వేసుకునేది. పన్నెండేళ్ల వయసు దాకా ఆ బిళ్ల మీద బొమ్మ ఏమైనా ఉందేమో, అమ్మ ముఖం దాని మీద కనిపిస్తుందేమో అని దొంగచాటుగా చూసేదాన్ని. అది నున్నటి బిళ్ల.

అదే రోజు సాయంత్రం ఊరంతా ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పెద్దలకు బియ్యం, సాయంత్రం తంగేడు పూలు, గునుగు పూలు. ముందునాడే తెంపి నీళ్లు చల్లి ఉంచిన పూలతో పేరుస్తారు కాబట్టి ఎంగిలిపూలు అంటారని నాయనమ్మ చెప్పేది. కాదు, ఆ రోజు అన్నం తిన్నాకే బతుకమ్మ పేర్చాలి కాబట్టి ఆ పేరని పక్కింటావిడ వాదించేది. ఆ పేరు సంగతి నన్నంతగా పట్టలేదు. నాకు అర్థం కానిది వేరే. పొద్దున ఏడ్చిన ఇంట్లోనే సాయంత్రం కొత్త చీర కట్టి చప్పట్లు ఎట్లా కొడతారు?

ఒకసారి చిన్నమ్మనే అడిగాను. ఆమె గునుగు కాడలు సమంగా కోస్తూ చెప్పింది.

"పెద్దలు ఆకలి మీద వస్తరు బిడ్డా. మనం పెట్టింది తిని పోతరు. పోయే యాళ్లకు మనం ఏడ్చుకుంట కూసుంటే వాళ్ల కాలు కదలదు. గందుకే ఆడుతం. మీరు పోండి, మేం బతుకుతం అని చెప్పినట్టు."

"మా అమ్మ గూడ వస్తదా?"

"రాక ఏడికి పోతది? నీకోసమే వస్తది."

ఆ మాట నమ్మి ఎన్నో ఏళ్లు ఆ రోజు వాకిట్లో కూర్చునేదాన్ని. తరువాత పెద్దదాన్నయ్యాను, సంగారెడ్డిలో డిగ్రీ చదివాను, పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం దొరికింది. పెళ్లయి పటేల్‌గూడలో ఇల్లు కట్టుకున్నాం. వాకిట్లో కూర్చోవడం ఎప్పుడో మానేశాను గానీ పెత్తరమాసకు ఊరికి పోవడం మాత్రం మానలేదు.

ల్యాబులో మా పని అంతా కాలంతోనే. శాంపిల్ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు తూచాం, మెషిన్‌లో ఎప్పుడు పెట్టాం, ఎప్పుడు తీశాం, అన్నీ నిమిషంతో సహా అప్పటికప్పుడే రాసి సంతకం పెట్టాలి. తరువాత గుర్తు తెచ్చుకుని రాయడానికి వీల్లేదు. ఇరవై ఏళ్లుగా నేను అదే చేస్తున్నాను. ఆ పక్కనే క్యాంటీన్ గోడకు పెద్ద అక్షరాల క్యాలెండర్ వేలాడుతుంది. అందులో తిథి ఎన్ని గంటల వరకో రాసి ఉంటుంది. కొన్ని ఏళ్లు దసరా సెలవు ఏ రోజు ఇవ్వాలో ఆఫీసు వాళ్లకు పాలుపోదు. దశమి ఒక రోజు మధ్యాహ్నం మొదలై మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఉంటుంది. ఒక క్యాలెండర్‌లో ఒక రోజు, ఇంకో క్యాలెండర్‌లో ఇంకో రోజు. మేమంతా చేరి వాదించుకుంటాం.

బీహార్ నుంచి వచ్చిన ఆపరేటర్ ఒకతను ఓసారి, "మేడమ్, సావన్ షురూ హో గయా", శ్రావణం మొదలైందని చెప్పి మాంసం మానేశాడు. మాకింకా ఆషాఢం. శ్రావణానికి పదిహేను రోజులుంది. ఇద్దరం క్యాలెండర్ ముందు నిలబడి చాలాసేపు తికమకపడ్డాం. వాళ్లు పున్నమి మర్నాటి నుంచి నెల లెక్కపెడతారు, మేం అమావాస్య మర్నాటి నుంచి. చంద్రుడు ఒక్కడే, నెల మొదలు మాత్రం వేరు. నవ్వుకుని ఎవరి పనికి వాళ్లం పోయాం. ఇవన్నీ నాకు తెలుసు. ఎవరైనా పండగ రోజు గురించి అడిగితే విడమరచి చెప్పగలను. నా తల్లి రోజు ఏదంటే మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

సంవత్సరీకం అయిన వారానికి అయ్యగారి ఇంటికి వెళ్లాను. ఆయన నాకంటే చిన్నవాడు, అంతకుముందు వాళ్ల నాన్నగారు మా ఇంటికి వచ్చేవారు. తిథి తెలుసుకోవడానికి ఏం కావాలని అడిగాను.

"ఏ సంవత్సరమో తెల్వాలె. ఏ రోజో తెల్వాలె. అన్నిటికంటే ముఖ్యం, ఎన్ని గంటలకు ప్రాణం పోయిందో తెల్వాలె" అన్నారాయన. "తారీఖు మన గడియారం పన్నెండు కొడితే మారుతది. తిథి అట్ల కాదమ్మా. సూర్యునికి చంద్రునికి మధ్య దూరం పెరిగిన కొద్దీ ఒక్కొక్క తిథి. చంద్రుడు ఒకపారి జల్దీ నడుస్తడు, ఒకపారి మెల్లగ నడుస్తడు. ఒక తిథి ఇరవై గంటలే ఉంటది, ఇంకోటి ఇరవై ఆరు గంటలుంటది. పొద్దున మారొచ్చు, మాపున మారొచ్చు. గందుకే టైము అడుగుతం."

"ఇన్నేండ్లయినంక అవసరమా అయ్యగారూ? పెత్తరమాసనాడు ఇస్తనే ఉన్నం గదా" అన్నాను. నిజానికి ఆయన అవసరమే అనాలని నా కోరిక.

ఆయన నా వైపు తిరిగి అడిగారు. "ఎన్నేండ్లయింది?"

"ముప్పై తొమ్మిది అనుకుంట. నాకు నాలుగేండ్లు నిండలేదంటరు."

"మనకు ఏడాదంటే వాళ్లకు ఒక్క దినం అని మా నాయన చెప్పేది. ఏడాదికొక్కసారి పెట్టినా, వాళ్లకు దినాం అన్నం పెట్టినట్టే. మీ అమ్మ లెక్కల ముప్పై తొమ్మిది దినాలే అయింది."

ఆ మాట విని బయటికి వచ్చి స్కూటీ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ముప్పై తొమ్మిది రోజులంటే ఇంకా ఇంట్లో ఆమె బట్టలుంటాయి. ఆమె కలిపిన పచ్చడి జాడీలో ఉంటుంది. తల దువ్విన దువ్వెనకు వెంట్రుకలుంటాయి. నాకేమో నలభై మూడేళ్లు. అమ్మ ఇరవై నాలుగేళ్ల మనిషి. ఆమె ఎదురుపడితే నన్ను గుర్తుపట్టదు కదా అనిపించింది. అక్కడే, ఆ రోడ్డు పక్కన, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఆ తరువాతి సెలవు రోజుల్లో ఊళ్లో పెద్దవాళ్లను అడగడం మొదలుపెట్టాను. మిగిలింది కొద్దిమందే. "కామునిపున్నమి అయినంకనే" అన్నాడొకాయన. "అప్పుడు మామిడి పిందెలు రాలుతుండె, పిల్లలు ఏరుకుంటుండె" అని ఒకావిడ చెప్పింది. కామెర్లు వచ్చాయని, పసరు పోశారని, కళ్లు పసుపుముద్దలయ్యాయని చెప్పినవాళ్లున్నారు. రోజు మాత్రం ఎవరికీ తెలియదు. ఆ యేడు ఏదని అడిగితే, ఫలానా బావి కూలిన యేడు అన్నారు. ఆ బావి ఉన్నచోట ఇప్పుడు కంపెనీ ప్రహరీగోడ. బావి ఎప్పుడు కూలిందో చెప్పేవాళ్లు లేరు.

చివరికి ఒక మధ్యాహ్నం అలసిపోయి వచ్చి చిన్నమ్మ పక్కన కూలబడ్డాను. చిన్నమ్మ మంచినీళ్లిచ్చింది. బోరు నీళ్లు వాసనొస్తున్నాయని ఇప్పుడు తాగడానికి డబ్బా నీళ్లే. నేను తాగేదాకా ఆగి, మెల్లగా అంది.

"టీచరమ్మనడుగు."

"ఏ టీచరమ్మ?"

"మన ఇంట్ల కిరాయికుండె. మీ అమ్మ పోయిన నాడు దగ్గరున్నది ఆమెనే అంటరు. సంగారెడ్డిల ఉంటది. రిటైరైంది."

నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. "గిన్ని దినాలు నాకెందుకు చెప్పలె చిన్నమ్మా? ఊరంత తిరుగుతున్న గదా, సూస్తనే ఉన్నవు!"

చిన్నమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "నేను ఆమె జాగల వచ్చినదాన్ని బిడ్డా. ఆమె ఎట్ల పోయిందో నా నోటితోని ఎట్ల చెప్పాలె? మీ నాయిన ఉన్నన్ని దినాలు ఆ ముచ్చట తీస్తే ఆయన అన్నం ముందు నుంచి లేచిపోతుండె. నువ్వు గూడ ఎన్నడు అడగలె. నీకు వద్దేమో అనుకున్న."

నేను అడగలేదన్నది నిజం. చిన్నమ్మ నొచ్చుకుంటుందని అడగలేదు. నేను నొచ్చుకుంటానని ఆమె చెప్పలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో అట్లా చాలా ఏళ్లు గడిపేశాం.

టీచరమ్మ ఇల్లు వెతకడం కష్టం కాలేదు. సంగారెడ్డిలో పాత ఇళ్ల మధ్య, ముందు కరివేపాకు చెట్టున్న చిన్న ఇల్లు. ముసలావిడ, కానీ నిటారుగా ఉంది. తెల్లటి నూలు చీర, కళ్లజోడు. గోడ మీద చిన్న సిలువ, దాని కింద చర్చి వాళ్ల క్యాలెండర్. నేను ఊరి పేరు, నాన్న పేరు చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి నన్ను అట్లాగే చూసింది.

"నువ్వు ఆ పిల్లవా?" అంది. "నా చాక్‌పీసులు తిన్న పిల్లవేనా?"

నేను చాక్‌పీసులు తిన్నానని నాకే తెలియదు. నవ్వాను, కళ్లనిండా నీళ్లు వచ్చాయి. ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వచ్చిన పని చెప్పాను.

"రోజు నాకు మంచిగ యాదికున్నది బిడ్డా. గుడ్ ఫ్రైడే. నాకు నౌకరొచ్చిన మొదటి సంవత్సరం. ఆ రోజును నేనెట్ల మర్చిపోత?"

ఆమె చెప్పింది. గుడ్ ఫ్రైడే కాబట్టి బడికి సెలవు. ఆమెకు ఉపవాసం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పక్క ఊరి చర్చిలో ఆరాధన. అమ్మకు అప్పటికి పది రోజులుగా కామెర్లు. పొద్దున కొంచెం నయంగానే ఉందట, గంజి తాగిందట. నాన్నది మార్నింగ్ షిఫ్టు. రెండింటికి అయిపోతుంది, కంపెనీ బస్సు రోడ్డు మీద దింపితే నడిచి నాలుగింటికి ఇంటికి చేరతాడు.

"చర్చిల సిలువ మీద యేసు దాహమన్న మాట గురించి పాస్టరు చెప్తున్నరు. అది వింటుంటే మీ అమ్మ పొద్దుగాల నీళ్లడిగింది యాదికొచ్చింది. ఇగ కూసోబుద్ధి కాలె. మధ్యలనే లేచి వచ్చిన. ఎండల నడుచుకుంట ఇంటికొచ్చేసరికి మూడు గాలె ఇంక. మీ నాయనమ్మ దూడకు గడ్డి వెయ్య పోయింది. మీ అమ్మ ఒక్కతే మంచం మీద. నువ్వు మంచం కింద కూసోని జొన్నరొట్టె తింటున్నవు. నీళ్లు తాపిన. రెండు గుక్కలు మింగింది. 'టీచరమ్మా, పొద్దు ఎంతున్నది?' అన్నది. మీ నాయిన వచ్చే యాళ్ల అయిందా అని ఆమె అడుగుడు. 'ఇంక జెర ఉన్నది, వస్తడు' అన్న. కండ్లు మూసుకున్నది. మళ్ల తెరిచి, 'పొద్దు ఎంతున్నది?' అన్నది. మూడుసార్లు అడిగింది. మూడోసారి అడిగినంక నేను చెప్పింది ఇన్నదో లేదో నాకు తెల్వదు."

బయట ఎవరో కూరగాయలమ్ముతూ మైకులో అరుస్తున్నారు.

"నేను?" అన్నాను.

"నిన్ను నా ఒడిల కూసోబెట్టుకున్న. నువ్వు రొట్టె ముక్క మీ అమ్మ నోటికి పెట్టబోయినవు. నేనే చెయ్యి పట్టుకున్న." ఆమె తన అరచేయి వైపు చూసుకుంది. "పట్టుకోకుండ ఉండాల్సిందేమో. ఇన్నేండ్లు అదే అనిపిస్తది."

నా నలభై మూడేళ్లలో అమ్మ మంచం పక్కన ఉండి ఆమె కోసం నేను చేసిన పని ఒకటి ఉందని అప్పుడు తెలిసింది. రొట్టె పెట్టబోయాను. టీచరమ్మ చెయ్యి నా చేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు.

వచ్చేముందు ఆమె గోడ మీది క్యాలెండర్ చూపించింది. "ఈ పండగ తారీఖు యేటా మారుతది, ఎందుకో తెలుసా? పగలు రాత్రి సమానమైన దినం తర్వాత వచ్చే పున్నమిని చూసి, ఆ పున్నమి పోయినంక వచ్చే ఆదివారం ఈస్టర్. దానికి ముందటి శుక్రవారం ఇది. మీ పున్నమే మాది గూడ. మీ అయ్యగారికి చెప్పు, ఆయనకు దొరుకుతది."

టీచరమ్మ సంవత్సరం రాసిచ్చిన కాగితం సంచిలో పెట్టుకుని, మర్నాడు డ్యూటీ కాగానే అయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. గుడ్ ఫ్రైడే అనగానే ఆయన ముఖం వెలిగింది. ఫోన్‌లో ఆ యేటి తారీఖు చూశారు. లోపలికి వెళ్లి, వాళ్ల నాన్నగారు గుడ్డలో కట్టిపెట్టిన పాత పంచాంగాలు తెచ్చారు. పసుపు రంగు తిరిగి, అంచులు పొడిపొడిగా రాలుతున్న కాగితాలు. వేలితో వరుస వెంట జరుపుతూ వెళ్లి ఒకచోట ఆపారు.

"చైత్రం. పౌర్ణమి" అన్నారు. నేను ఆ కాగితం మీదికి వంగాను. ఆయన ఇంకా చదువుతున్నారు. వేలు అక్కడే ఉంది. ఘడియలు గంటలుగా మార్చి లెక్కవేశారు. ముఖం కొంచెం మారింది.

"పౌర్ణమి మధ్యాహ్నం మూడు గంటల ఇరవై రెండు నిమిషాల దాకనే ఉన్నదమ్మా. తర్వాత పాడ్యమి. ప్రాణం పోయింది ఎన్నింటికి?"

"మూడు దాటినంక. నాలుగింటికి మా నాయిన వచ్చేలోపల."

"మూడూ ఇరవై రెండుకు ముందా, వెనకా?"

అక్కడి నుంచే టీచరమ్మకు ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"నా చేతికి గడియారం ఉండె బిడ్డా" అంది. "కొత్త గడియారం, మొదటి జీతంతోని కొనుక్కున్న. కానీ చూడలె. మీ అమ్మ ముఖం చూస్తున్న. గడియారం చూడాల్నని అప్పుడు నాకెందుకు అనిపిస్తది?"

ఆమెను అడిగినందుకు సిగ్గుపడ్డాను. ఇరవై ఏళ్లుగా నిమిషాలు రాసి సంతకాలు పెట్టే మనిషిని కదా, నాకు ఆ నిమిషం కావాలనిపించింది. ఆ గదిలో అప్పుడు ఉండవలసిన మనిషే ఉంది. ఆమె చూడవలసిందే చూసింది.

"ఇప్పుడెట్ల అయ్యగారూ?" అన్నాను.

"శాస్త్రం ప్రకారం తిథి తేలకపోతే ఏం చేయాలో ఉన్నది. పెత్తరమాస ఉన్నది. ఇంత దూరమొచ్చినంక ఇందుల ఒకటి తీసుకుంటే గూడ తప్పు లేదు. కానీ ఏది తీసుకోవాల్నో నేను చెప్పనమ్మా. అది మీరే చెప్పాలె." ఆయన డైరీ తెరిచి, పెన్ను పట్టుకుని నా వైపు చూశారు.

పౌర్ణమి అన్నాను. ఎందుకో నాకు స్పష్టంగా తెలియదు. మూడుసార్లు పొద్దు అడిగిన మనిషికి నిండు తిథి ఇవ్వాలనిపించింది. అయ్యగారు డైరీలో మా నాన్న పేరు కింద మా అమ్మ పేరు, చైత్ర శుద్ధ పౌర్ణమి అని రాశారు. ఆమె పేరు కాగితం మీద రాస్తుండగా చూడడం నాకదే మొదటిసారి.

ఆ యేడు చైత్ర పౌర్ణమికి సెలవు పెట్టి ఊరికి వెళ్లాను. ముందు సంగారెడ్డి వెళ్లి టీచరమ్మను కారులో ఎక్కించుకున్నాను. "నేను మీ పూజల కూసోను బిడ్డా, నీకు తెలుసు గదా. పక్కన ఉంట" అంది. ఉంటే చాలన్నాను. ఎండ మండిపోతోంది. ఊరి మొదట్లో కంపెనీ లారీలు రోడ్డుకు అడ్డంగా ఆగి ఉన్నాయి. రసాయనాల వాసన ముక్కులకు తగులుతోంది. టీచరమ్మ కిటికీలోంచి చూస్తూ, ఇక్కడ జొన్నచేను ఉండె, ఇక్కడ బడి ఉండె అని గొణుక్కుంటూ వచ్చింది.

చిన్నమ్మ అప్పటికే వంట చేసి ఉంచింది. మధ్యాహ్నం అయ్యగారు వచ్చారు. చాటలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి అమ్మ పేరు చెప్పి ఇచ్చాను. మొదటిసారి ఆమె పేరు చివరన కాకుండా ఒక్కటే వినిపించింది. టీచరమ్మ వరండాలో కుర్చీ మీద కళ్లు మూసుకుని కూర్చుంది. తన ప్రార్థన తాను చేసుకుందనుకుంటాను. అయ్యగారు వెళ్లాక ముగ్గురం వరండాలోనే కింద కూర్చుని అన్నం తిన్నాం. చిన్నమ్మ ఆమెకు వడ్డిస్తూ, పెరుగు వేస్తూ, ఏదో అడగాలని అడగలేక ఆగుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది.

విస్తళ్లు తీశాక చిన్నమ్మ చేతులు తుడుచుకుని టీచరమ్మ ఎదురుగా కూర్చుంది.

"టీచరమ్మా, ఒక్కటి అడుగుత. ఏమనుకోవద్దు. ఆమె ఎట్లుంటుండె?"

"ఎవరు?"

"అక్క." చిన్నమ్మ మా అమ్మను అక్క అనడం నేనెప్పుడూ వినలేదు. "ఈ ఇంట్ల అందరు ఆమెను ఎరిగినోళ్లే ఉండె. నేనొక్కదాన్నే ఎరగను. ఎవ్వరిని అడుగుత? ఆమె పొయ్యి మీద వండిన, ఆమె బిడ్డను సాదిన. ఎట్లుంటుండెనో తెల్వకుండనే ఇన్నేండ్లు గడిచింది."

టీచరమ్మ ఆమె దగ్గరికి జరిగింది. చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ పొడుగ్గా ఉండేదట, గుమ్మం దాటేటప్పుడు అలవాటుగా తల వంచేదట. కోపం వస్తే మాట్లాడదట, గిన్నెలు మాత్రం గట్టిగా చప్పుడయ్యేవట. చదువు రాదు గానీ టీచరమ్మ పిల్లల పలకలు దిద్దుతుంటే పక్కన కూర్చుని చూసేదట. ఓసారి తన పేరు రాయడం నేర్పమని అడిగిందట. మొదటి అక్షరం నేర్చుకుందట. రెండోది నేర్చుకునే లోపల జొన్న కోతలొచ్చాయి.

"ఏ అక్షరం అది?" అంది చిన్నమ్మ.

టీచరమ్మ నేల మీదికి వంగి, అన్నాలు తిన్నచోట తడిసిన గచ్చు మీద వేలితో రాసి చూపించింది. చిన్నమ్మకూ చదువు రాదు. ఆమె ఆ అక్షరం మీద తన వేలు పెట్టి, టీచరమ్మ వేలు వెళ్లిన దారినే మెల్లగా దిద్దింది. ఎండకు గచ్చు తొందరగా ఆరిపోతోంది. నేను చెంబుతో నీళ్లు తెచ్చి, మళ్లీ రాయమన్నాను.